రెండో సంతకం లేని తొమ్మిది పేజీలు

15 ఫిబ్రవరి 2019, శుక్రవారం. ఉదయం 7.10

నేను డైరీ రాసే మనిషిని కాను. ఇంటి ఖర్చు రాస్తాను, ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో రాస్తాను, మనవరాలికి వేయించిన టీకాల తేదీలు రాశాను. మనసులోది కాగితం మీద పెట్టడం క్రమశిక్షణ లేనివాళ్ళ పని అనుకునేదాన్ని. ఇప్పుడు రాయడానికి కారణం నిన్నటి ప్రకటన. మా కంపెనీ పెద్ద విమానాన్ని ఆపేస్తోంది. ఇంకో రెండేళ్ళలో, ఒప్పుకున్న కొన్నింటిని పూర్తి చేసి ఇచ్చేస్తారు. ఆ తర్వాత ఒక్కటీ ఉండదు.

మా తూలూజ్‌లో నిన్న ఇంకో మాట లేదు. రొట్టెల కొట్టు ఆమె నా చేతికి రొట్టె ఇస్తూ, "మీరు లెక్క కట్టిన విమానమే కదా మదాం కాబ్రోల్, ఎక్కడ తప్పిందంటారు లెక్క?" అంది. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. రొట్టె అడుగు మాడింది, మార్చమన్నాను. మార్చింది.

ఆమె సరదాకి అడిగింది. జవాబు నాకు తెలుసు. ఏ నిలువు వరసలో తప్పిందో, ఎవరు పట్టుకున్నారో, ఏ రోజు పట్టుకున్నారో తెలుసు. మొత్తం తెలిసినది నేనొక్కదాన్నే. నాకు డెబ్బై అయిదేళ్ళు.

అదే రోజు, 11.30

వరసలో పెడతాను. తొంభైల చివర్లో పెద్ద విమానాలు చేసే రెండు కంపెనీల ముందూ ఒకటే ప్రశ్న. ఇరవై ఏళ్ళ తర్వాత జనం ఎలా ప్రయాణం చేస్తారు? మేమన్నాం: పెద్ద నగరాల విమానాశ్రయాలు కిక్కిరిసిపోతాయి, కొత్త రన్‌వేలకు చోటు లేదు, కాబట్టి ఒక్కో విమానంలో అయిదారు వందల మందిని ఎక్కించాలి. సముద్రం అవతలి వాళ్ళన్నారు: పెద్ద నగరంలో దిగి మారడం ఎవరికీ ఇష్టం ఉండదు, రెండు వందల యాభై మందితో దూరం ఎగిరే మధ్యరకం విమానం ఇస్తే జనం తమ ఊరి నుంచి నేరుగా పోతారు.

రెండూ పందేలే. మా పందేనికి అంకెలు ఇచ్చిన విభాగంలో నేను పనిచేశాను. ఆ అంకెల పట్టిక నేను తయారు చేసిందే.

17 ఫిబ్రవరి, ఆదివారం

మైలిస్ భోజనానికి వచ్చింది. నా కూతురి కూతురు, అమ్మమ్మా అనకుండా మామీ అంటుంది. ఇరవై ఆరేళ్ళు. పెద్ద విమానం షెడ్డులో క్యాబిన్ వైరింగ్ చేస్తుంది, అయిదేళ్ళ నుంచి. ఫోన్ బల్ల మీద పెట్టింది. తీయమన్నాను. మోచేతులు కూడా తీయమన్నాను.

"రేపు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు, నీకు నా మోచేతులే కనిపిస్తున్నాయా మామీ?" అంది.

బాతు కాలు, తెల్ల చిక్కుడు గింజలు వండాను. బాగా తింది. షెడ్డులో ఏమనుకుంటున్నారని అడిగాను. గురువారం కొందరు ఏడ్చారట. రివెట్లు కొట్టే ముసలాయన ఒకడు తన సుత్తి తనే కొనుక్కుంటానని ఫోర్‌మన్‌తో గొడవపడ్డాడట. తర్వాత అంది: "కానీ మామీ, కోపం మాత్రం ఎవరికీ లేదు. తెలిసి చేసుంటే కోపం వచ్చేది. ఇలా అవుతుందని ఎవరికి తెలుసు? ఎవరూ ఊహించలేదు. అందుకే పోనీలే అనుకున్నాం."

అడక్కుండానే ఆమె పళ్ళెంలో ఇంకో బాతు కాలు వేశాను. నేను అలా ఎప్పుడూ చేయను. ఆమె నా వైపు వింతగా చూసింది.

20 ఫిబ్రవరి, బుధవారం

రెజిన్ పుజోల్ ఫోన్ చేసింది. పనిలో ఉన్నప్పుడు నా పక్క బల్ల ఆమెది, ఇప్పుడు పెన్షనర్ల సంఘానికి కార్యదర్శి. పెద్ద విమానం మీద ఒక పుస్తకం వేస్తున్నారు. నూట అరవై పేజీలు, ఫోటోలతో. ఏప్రిల్ ఆరున సంఘం హాల్లో ఆవిష్కరణ. షెడ్డు వాళ్ళందరినీ పిలుస్తున్నారు. అంకెలు నేను సరిచూడాలట. "నువ్వు చూశానంటే ఇంకెవడూ నోరెత్తడు సొలాంజ్. ఇరవై తొమ్మిది మార్చికల్లా ముద్రణకు పోవాలి. కాదనకు, నా తల్లివి కదూ."

సరేనన్నాను. ఎవరూ నోరెత్తరన్న మాట మాత్రం చెవిలో ఉండిపోయింది.

26 ఫిబ్రవరి, మంగళవారం

ప్రూఫులు వచ్చాయి. 61వ పేజీలో మూడు వాక్యాలు. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"2000 అక్టోబరులో మా సహోద్యోగి గిల్దాస్ కెర్మరెక్ మధ్యరకం విమానాలకు అనుకూలంగా వేరే లెక్క ఒకటి తయారు చేశారు. సరిచూసినప్పుడు ఆ లెక్క నిలవలేదు. ఆ రోజుల్లో రాబోయేది తెలిసే అవకాశం ఎవరికీ లేదు."

1 మార్చి, శుక్రవారం. మధ్యాహ్నం 2.00

మా విభాగంలో ఒక ఆచారం ఉండేది. ఏ కాగితమూ ఒక్కరి సంతకంతో గది దాటదు. రాసినవాళ్ళు నీలం సిరాతో పెడతారు, సరిచూసినవాళ్ళు ఆకుపచ్చ సిరాతో. సరిచూడటమంటే చదవడం కాదు. ప్రతి అంకెనూ మొదటి నుంచి మళ్ళీ కట్టాలి. ఒక్క అంకె తప్పినా రెండో సంతకం పడదు. రెండో సంతకం పడని కాగితం లేని కాగితమే. పంతొమ్మిదేళ్ళు ఆ సంతకం నేను పెట్టాను. నా వెనక నన్ను "ఆకుపచ్చ మదాం" అనేవాళ్ళని నాకు తెలుసు.

గిల్దాస్‌కు అప్పుడు నలభై రెండేళ్ళు. పడమటి సముద్రతీరం, బ్రిటనీ నుంచి వచ్చినవాడు. మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌లో కూర్చుంటే ఇతను బల్ల దగ్గరే డబ్బా చేపలు తినేవాడు. కిటికీ తీయమని ఎన్నిసార్లు చెప్పానో. పన్నెండేళ్ళు ఒకే గదిలో పనిచేశాం, ఒకరినొకరు "మీరు" అనే పిలుచుకున్నాం.

అతను కనుక్కున్నది ఇది. విమానాశ్రయంలో గేటు దాటి ఎక్కిన ప్రతి మనిషినీ మా పట్టిక ఒకటిగా లెక్కపెట్టేది. తూలూజ్‌లో పళ్ళ డాక్టరు ఒకాయన ఒసాకా వెళ్తాడనుకుందాం. పారిస్‌లో దిగి వేరే విమానం ఎక్కుతాడు. మా పట్టికలో ఆయన ఇక్కడ ఒకడు, పారిస్‌లో ఇంకొకడు. ఆయనకు పారిస్‌లో ఏ పనీ లేదు, రెండు గంటలు కూర్చుని చల్లారిన కాఫీ తాగాడు. అయినా మా లెక్కలో ఆయన పారిస్ రద్దీ. ఆ రద్దీనే చూపించి పెద్ద విమానం కావాలంటున్నాం. నేరుగా ఒసాకా తీసుకెళ్ళే మధ్యరకం విమానం ఒకటి వస్తే ఆ రెండో మనిషి మాయమవుతాడు.

గిల్దాస్ పదకొండు వారాలు ఊళ్ళోని ట్రావెల్ ఏజెన్సీల చుట్టూ తిరిగి 4,212 టికెట్ల నకళ్ళు పోగేశాడు. వాటిలో 1,601 మంది మధ్యలో మారడానికి మాత్రమే దిగినవాళ్ళు. నూటికి ముప్పై ఎనిమిది. దాన్నిబట్టి పెద్ద విమానాలు మేమన్న దానిలో మూడో వంతు కూడా అమ్ముడుపోవని తొమ్మిది పేజీల అనుబంధం రాశాడు. 2000 అక్టోబరు 2, సోమవారం నా బల్ల మీద పెట్టాడు. మరుసటి సోమవారం పాలకవర్గానికి ఫైలు పోవాలి.

తొమ్మిదో తేదీ ఉదయం సమావేశంలో పద్నాలుగు మంది ఉన్నాం. మా విభాగం పెద్ద మస్యూ వెదెల్ అందరి ముందూ అడిగాడు, మదాం కాబ్రోల్, కెర్మరెక్ గారి కాగితం సరిచూడటం అయిందా అని.

కాలేదన్నాను. అంత తక్కువ రోజుల్లో సరిచూడటం సాధ్యం కాలేదు.

3 మార్చి, ఆదివారం

మొన్న రాసిన చివరి వాక్యం తప్పు. రోజులు సరిపోయాయి. అయిదో తేదీ గురువారం సాయంత్రం నాలుగున్నరకే అయిపోయింది. ప్రతి వరస పక్కనా ఆకుపచ్చ టిక్కు పెట్టాను. ఒక్క తప్పు దొరకలేదు.

4 మార్చి, సోమవారం

వెదెల్ నన్ను ఆరో తేదీ శుక్రవారం తన గదికి పిలిచాడు. తలుపు వేశాడు. ఈ ఊరంతా ఈ విమానం కోసం చూస్తోంది మదాం, నాలుగు దేశాలు ఒప్పుకున్నాయి, ఇప్పుడు తొమ్మిది కాగితాలు పట్టుకొచ్చి ఆపుతామా అన్నాడు. మీ భర్త కూడా షెడ్డులోనే కదా అన్నాడు. నాకేమీ ఆజ్ఞ ఇవ్వలేదు. సరిచూడటానికి ఎన్నాళ్ళయినా తీసుకోండి అన్నాడు, అంతే.

సోమవారం నేను కాలేదన్నాక గిల్దాస్ నా వైపు తిరిగాడు. ఎవరో "టికెట్టు ముక్కలేరుకునే వాడివి, ఏజెన్సీ పెట్టుకోవయ్యా" అన్నారు. గదంతా నవ్వు. వారంలో అతన్ని విడిభాగాల జాబితాలకు మార్చారు. అతని ఫైళ్ళు నేలమాళిగకు వెళ్ళాయి, అక్కడి నుంచి ఎక్కడికో. ఏడాదిన్నరకు రాజీనామా చేశాడు. వెళ్ళే ముందు నా దగ్గరకొచ్చి, మీ దగ్గర నా అనుబంధం నకలు ఉందా మదాం అని అడిగాడు. లేదన్నాను.

వెదెల్ చనిపోయి పదేళ్ళయింది. చనిపోయినవాడి మీద వేయడం సులువు.

9 మార్చి, శనివారం. ఉదయం 9.20

అనుబంధం నా బట్టల అలమరలో పై అరలో ఉంది. వెతకలేదు. ఎక్కడుందో నాకు ప్రతిరోజూ తెలుసు. శీతకాలం దుప్పట్లు తీసేటప్పుడల్లా దాన్ని పక్కకు జరిపి, మళ్ళీ అక్కడే పెడతాను.

ఇవాళ కిందికి దించి తొమ్మిది పేజీలూ చదివాను. నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. "తప్పు మూలం ప్రయాణికుల పట్టిక, మూడో నిలువు వరస." ఇంకేమీ లేదు. పేరు రాయలేదు, వెక్కిరించలేదు. మర్యాదగానే రాశాడు.

ఆ పట్టిక 1984లో నేను గీశాను. ఆరు కంపెనీలు దాన్ని చూసి తమ పట్టికలు చేసుకున్నాయి. మూడో నిలువు వరస నా ఆలోచన. అక్టోబరు 3న, మంగళవారం, ఆ వాక్యం చదివినప్పుడు నా చెవులు వేడెక్కడం గుర్తుంది. చేపల వాసన వేసే మనిషి, నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు, నా పట్టికలో తప్పు చూపించాడు. అది తప్పేనని ఆ సాయంత్రానికే నాకు తెలిసింది. గురువారం దాకా సరిచూసింది అతని లెక్క నిలుస్తుందో లేదో తెలుసుకోవడానికి కాదు. ఎక్కడైనా విరుగుతుందేమోనని.

వెదెల్ పిలవకపోయినా కాలేదనే అనేదాన్ని. ఇది రాయడానికి నాకు ఇరవై రెండు రోజులు పట్టింది.

12 మార్చి, మంగళవారం

గిల్దాస్ ఓష్ అనే చిన్న ఊళ్ళో ఉంటున్నాడు. హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాడు. ఫోన్ చేశాను. నా పేరు చెప్పాను. వెనక కుక్కర్ చప్పుడు. తర్వాత, "శనివారం రండి మదాం కాబ్రోల్. పది తర్వాత. వంతెన దాటి ఎడమకి" అన్నాడు. ఎందుకని అడగలేదు.

16 మార్చి, శనివారం. సాయంత్రం 6.00

తొమ్మిది గంటల రైలుకు వెళ్ళాను. తలుపు తీసిన మనిషికి జుట్టంతా పోయింది. వంటింట్లో కూర్చోబెట్టాడు. బల్ల నిండా పిల్లల పరీక్ష కాగితాలు.

అనుబంధం బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. యాభై నిమిషాలు గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. చివరి పేజీ అడుగున నా చేతిరాతలో తేదీ ఉంది. దాని మీద వేలు పెట్టాడు.

"గురువారం" అన్నాడు.

"గురువారమే" అన్నాను.

"నేను తప్పెక్కడ చేశానా అని ఈ పద్దెనిమిదేళ్ళూ వెతికాను మదాం. కాగితాలు లేవుగా, గుర్తున్నంతవరకు వెతికాను. సెలవుల్లో కూర్చుని మళ్ళీ కట్టేవాణ్ణి. మా ఆవిడ ఇక చాలనేది. మీరు కాలేదన్నారంటే ఎక్కడో ఏదో ఉండే ఉంటుంది అనుకున్నాను. మీ మాట మీద నాకంత నమ్మకం."

నేను దీనికి సిద్ధపడి వెళ్ళలేదు. తిడతాడనుకున్నాను.

ఎందుకు చేశారని అడిగాడు. పట్టిక నాది కాబట్టి అన్నాను. "అంతేనా?" అన్నాడు. అంతే అన్నాను. "నేను పెద్ద కుట్ర ఏదో అనుకున్నాను. మంత్రులు, పైవాళ్ళు, అలా. మూడో నిలువు వరసా?" అని కాసేపు కిటికీ వైపు చూశాడు. మోసపోయినవాడి ముఖం కాదు అది. చవకగా పోయినవాడి ముఖం.

నా తప్పుతో విమానం ఇంత దూరం వచ్చిందని అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "అంత గొప్ప చేసుకోకండి మదాం. వాళ్ళు చదివినా కట్టేవాళ్ళే. ఊరంతా రెక్కలు కట్టుకుని కూర్చుంటే నా తొమ్మిది కాగితాలు ఎవడు చూస్తాడు? విమానం ఆగాలని నేనడగలేదు. లెక్క తప్పు కాదని ఒక్క మనిషి అంటే చాలనుకున్నాను. అది మీ పని."

61వ పేజీ ప్రూఫు చూపించాను. చదివి, మడిచి, నాకు తిరిగి ఇచ్చాడు.

తర్వాత జరిగింది కూడా రాయాలి. అనుబంధం మళ్ళీ తిరగేస్తూ ఏడో పేజీ దగ్గర ఆగాడు. పెన్సిల్ తీసుకున్నాడు. వరసల మీద రెండుసార్లు పైకీ కిందికీ వెళ్ళాడు. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అల్బీ గాయకబృందం" అన్నాడు. మా పక్క ఊరు అల్బీ నుంచి నలభై ఎనిమిది మంది కెనడాలోని క్వెబెక్ వెళ్ళారు. ఇక్కడి నుంచి పారిస్ దాకా ఒక ఏజెన్సీ టికెట్లు, పారిస్ నుంచి ఇంకో ఏజెన్సీవి. రెండు ఏజెన్సీల కాగితాలూ అతనికి వచ్చాయి. నలభై ఎనిమిది మందినీ రెండుసార్లు లెక్కపెట్టాడు. "మనుషుల్ని రెండుసార్లు లెక్కపెడుతున్నారని మీ మీద తొమ్మిది పేజీలు రాసి, నేనే అల్బీ వాళ్ళని రెండుసార్లు పాడించాను."

అక్కడికక్కడే కట్టాం, ఇద్దరం, ఒకే కాగితం మీద. 4,164 మంది. అందులో మారినవాళ్ళు 1,553. ముప్పై ఎనిమిది కాదు, ముప్పై ఏడు పాయింటు మూడు. ఫలితం ఏమీ మారదు. కానీ ఆ వరస పక్కన నా ఆకుపచ్చ టిక్కు ఉంది. నేనూ చూడలేదు.

"మీ మాటే నిజమైంది చూడండి మదాం. సరిచూడటం కాలేదు" అన్నాడు. నవ్వుతూ అన్నాడో ఎలా అన్నాడో నాకు తెలియలేదు.

కాగితాలు ఉంచుకోమన్నాను. వద్దన్నాడు. "నా దగ్గరుంటే నేనే రాసుకున్నానంటారు. మీ అలమరలోనే ఉండనివ్వండి, అలవాటేగా." తలుపు దాకా వచ్చాడు. వాన పడుతోంది. స్టేషన్‌కు దింపుతాననలేదు. నేను అడగలేదు.

17 మార్చి, ఆదివారం

ఇవాళ నా మనసు తేలికగా ఉంది. మైలిస్ రాలేదు, షెడ్డులో సమావేశం. ఎండ. బాల్కనీలో మొక్కలకు పురుగు మందు కొట్టాను.

ఒక్క అంకె తప్పినా రెండో సంతకం పడదు. అది నియమం. ఆ కాగితంలో తప్పు ఉంది. నియమం ప్రకారం 9 అక్టోబరున నేనన్న మాట సరైనదే.

18 మార్చి, సోమవారం

రెజిన్‌ను కాఫీకి పిలిచి మొత్తం చెప్పాను. నోరు తెరుచుకుని వింది. గాయకుల దగ్గరికి వచ్చేసరికి బల్ల మీద కొట్టింది.

"మరింకేంటి! తప్పుందిగా! నువ్వు కాలేదన్నావు, కాలేదు. వాక్యం అలాగే ఉంచు. సరిచూసినప్పుడు నిలవలేదు. అబద్ధమేముంది?"

నలభై ఎనిమిది మంది తేడాతో లెక్క కూలదు అన్నాను.

"నువ్వే కదా ఒక్క అంకె తప్పినా సంతకం పెట్టని దానివి. నా కాగితాలు ఎన్ని విసిరి కొట్టావో మర్చిపోయావా? ఓసారి కామా లేదని తిప్పి పంపావు. సొలాంజ్, మనం ఎన్నాళ్ళుంటాం? అవతలి వాళ్ళూ జూదమే ఆడారు. వాళ్ళకి కలిసొచ్చింది. ఏప్రిల్ ఆరున షెడ్డు పిల్లలు వస్తారు, వాళ్ళకి ఓ మంచి మాట కావాలి. నువ్వు నీ పాపాలు తీసుకొచ్చి అక్కడ పరవకు."

ఆలోచిస్తానన్నాను.

21 మార్చి, గురువారం

61వ పేజీ మూలన ఆకుపచ్చ సంతకం పెట్టాను. మార్పు లేదు.

24 మార్చి, ఆదివారం. సాయంత్రం 5.15

మైలిస్ వచ్చింది. ఉత్తరం అందింది. ఉద్యోగం ఉంటుంది, మధ్యరకం విమానం షెడ్డుకు మారుస్తున్నారు. మా కంపెనీ కూడా చివరికి ఆ రకమే చేసింది, ఇప్పుడు అందరికీ తిండి పెడుతున్నది అదే. ఆమెతో పనిచేసిన వాళ్ళలో పదకొండు మందికి జర్మనీలో, హాంబుర్గ్ షెడ్డులో చోటు చూపించారు. ముగ్గురు మానేస్తున్నారు.

నేను కాఫీ కలుపుతుంటే బల్ల మీద ఉన్న ప్రూఫులు తిరగేసింది. 61వ పేజీ పైకి చదివి నవ్వింది. "ఎవరీ కెర్మరెక్, పాపం? లెక్క రాకపోతే గమ్మున ఉండాలి కదా. మామీ చేతిలో పడ్డాడు, ఆకుపచ్చగా పచ్చడైపోయాడు."

ఆమె అలా నవ్వడం నాకు ఇష్టం. చిన్నప్పుడు తప్పు కూడిక చేసిన పిల్లల్ని చూసి అలాగే నవ్వేది. అది నేను నేర్పిందే.

గిన్నె పొయ్యి మీద నుంచి దించి, కూర్చుని, చెప్పాను. అక్టోబరు 2 నుంచి మొన్నటి సంతకం దాకా. గాయకుల సంగతీ చెప్పాను. ఇరవై నిమిషాలు పట్టింది.

"అంటే నీకు తెలుసు" అంది.

తెలుసు అన్నాను.

"నన్ను ఆ షెడ్డులో చేర్చింది నువ్వే కదా మామీ. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళావు. ఇంకో ముప్పై ఏళ్ళు ఢోకా లేదన్నావు. అప్పటికే తెలుసా?"

ఆ రోజు తేదీ కూడా నాకు గుర్తుంది. 2014 మార్చి 10. ఆమెకు రెండు ఉద్యోగాలు వచ్చాయి. పెద్ద విమానం వద్దంటే ఎందుకో చెప్పాల్సి వచ్చేది. అది కూడా చెప్పాను.

"మా వాళ్ళకి నేనేం చెప్పను ఇప్పుడు? తెలియక చేశారు, పోనీలే అనుకుని మూటలు సర్దుకుంటున్నారు. ఆ పోనీలే కూడా తీసేస్తావా నువ్వు?"

తీయకపోతే అది అబద్ధం మీద నిలబడిన ఓదార్పు అన్నాను. టీచరులా మాట్లాడకు అంది. కోటు వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "ఆ గాయకుల గురించి ఆ అక్టోబరులో నీకు తెలుసా?" అని అడిగింది.

తెలియదు.

"మరైతే అది నీకెలా పనికొస్తుంది?" అంది. వెళ్ళిపోయింది.

రెండు కప్పుల కాఫీ సింకులో పోశాను.

25 మార్చి, సోమవారం

ఆమె అడిగింది సరైన ప్రశ్న. నేను కాలేదన్నప్పుడు ఆ కాగితం తప్పులేనిదని నమ్మాను. నమ్మి కాలేదన్నాను. పద్దెనిమిదేళ్ళ తర్వాత అతను నిజాయితీగా వెతికి పట్టుకున్న తప్పును తీసుకుని నా అబద్ధానికి కప్పుకున్నాను. అతని దగ్గర ఇది రెండో దొంగతనం.

26 మార్చి, మంగళవారం

రెజిన్‌కు ఫోన్ చేశాను. సంతకం వెనక్కి తీసుకుంటున్నానన్నాను. "నా ప్రాణం తీస్తున్నావు" అంది. తర్వాత ఏడ్చింది. ఆమె ఏడుపు నిజమైనదే. మైలిస్ ఫోన్ తీయడం లేదు. నాలుగుసార్లు చేశాను, ఇక చేయను.

28 మార్చి, గురువారం. ఉదయం 6.40

ఇక జరగవలసినవి.

1. 61వ పేజీలో రెండో వాక్యం, మూడో వాక్యం తీసేయాలి. వాటి చోట: "ఆ లెక్కను సొలాంజ్ కాబ్రోల్ అక్టోబరు 5న సరిచూసింది. అందులో ఆమెకు తప్పు కనిపించలేదు. 9న, అడిగినప్పుడు, సరిచూడలేదని అబద్ధం చెప్పింది. తప్పు ఆమె పట్టికలో ఉంది."

2. తొమ్మిది పేజీలూ పుస్తకం చివర అచ్చు వేయాలి. ఏడో పేజీ దిద్దకూడదు. పక్కన 37.3 అని వేసి, దిద్దినవాడు గిల్దాస్ కెర్మరెక్ అని రాయాలి.

3. రెజిన్ ఒప్పుకోకపోతే, ఈ పుస్తకంలో ఏ అంకెకూ నేను పూచీ కాదని రేపు తొమ్మిది గంటలకు ముద్రణాలయానికి రాసివ్వాలి. ఉత్తరం సిద్ధంగా ఉంది.

4. ఈ నోటుబుక్కులో మార్చి 1, 4, 17 పేజీలు చించకూడదు.

5. గిల్దాస్‌కు ఒక ప్రతి పోస్టులో పంపాలి. లోపల చీటీ పెట్టకూడదు.

6. ఏప్రిల్ 6న హాలుకు వెళ్ళాలి. హాంబుర్గ్ వెళ్ళే పదకొండు మందీ వస్తారు, మానేసిన ముగ్గురూ రావచ్చు. తలుపు దగ్గర నిలబడాలి. వాళ్ళు ఏమన్నా అననివ్వాలి.

7. ఆదివారం ఇద్దరికి వండాలి. ఒంటిగంట దాకా చూసి, తినాలి.